రబ్బరు లెక్క

ఫీజు కట్టలేని క్లయింటు ఒకడు
రెండేళ్ల కింద నా బల్ల మీద తాళాలు పెట్టి వెళ్లాడు.
ఆ తాళాల వెనక ఒక ఎర్ర బండి.
రెండే సీట్లు, నేలకు జానెడెత్తు.
దిగాలంటే ముందు మోకాళ్లను బతిమాలుకోవాలి.
నాకు యాభై నాలుగేళ్లు.
వచ్చేటప్పటికే సగం అరిగిన చక్రాలవి.
పూర్తిగా అరిగాయని మొన్న వానలో
రిచ్‌మండ్ ఫ్లైఓవర్ మలుపు చెప్పింది,
బండి వెనక భాగం ఒక్క క్షణం తన దారిన తాను పోయి.

అందుకే ఈ శనివారం జె.సి. రోడ్డు.
కొట్టు కొట్టుకీ నల్ల గారెల దొంతరలు.
మునిచౌడప్ప నా పాత టైరు గాడిలో రూపాయి బిళ్ల నిలబెట్టబోయాడు.
గాడే లేదు.
"ఇది టైరు కాదు మేడం, బోడిగుండు."
చీర పోగు చూసేవాడిలా లోపలి అంచు తడిమాడు.
"ఒక పక్కే తినేసింది. అలైన్‌మెంట్ ఎప్పుడు చేయించినారు?"
వినిపించుకోనట్టు రేట్లడిగాను.
పన్ను నోటీసు వచ్చినవాళ్లు నా ముందు చేసే పనే అది.

నయాజ్ మూడు రకాలు దొర్లించుకొచ్చాడు.
మొదటిది మెత్తన, గోరు గుచ్చితే గీత పడుతుంది.
"రోడ్డును జిగురు మాదిరి పట్టుకుంటాది.
ఇరవై వేల కిలోమీటర్లకి ఖాళీ."
ఒక్కోటీ ఇరవై రెండు వేలు.
చివరిది మొండిది. తొమ్మిదిన్నర.
"అరవై వేలు నడుస్తాది. మీరు అలిసిపోతారు గానీ ఇది అలిసిపోదు.
వానలో మాత్రం దేవుణ్ణి తల్చుకోవల్ల."
మధ్యది పధ్నాలుగు వేలు, నలభై వేల కిలోమీటర్లు.
దాన్ని ఎవరూ పొగడలేదు.

కాలిక్యులేటర్ తీశాను.
మొండివి నాలుగూ కలిపి కిలోమీటరుకు అరవై మూడు పైసలు,
ఆటో మీటరు సిగ్గుపడే రేటు.
నేను నడిపేది ఆదివారాలే, ఏడాదికి రెండు వేలు దాటదు.
అంటే ముప్ఫై ఏళ్ల దాకా చూసుకోనక్కర్లేదు.
ఎనభై నాలుగేళ్ల నన్ను ఈ సీట్లోంచి
క్రేనుతో లేపడం కళ్లకు కట్టింది.
అయినా చౌక చౌకే.
అవే రాసెయ్యమనబోయాను.

మునిచౌడప్ప టీ గ్లాసు కింద పెట్టాడు.
"రబ్బరుకి కిలోమీటర్లే కాదు మేడం, ఏళ్లూ లెక్కే.
నడిపినా నడపకపోయినా ఆరేళ్లు.
నీడలో పెట్టి గుడ్డ కప్పినా
లోపల్లోపల ఎండిపోతా ఉంటాది."

తరుగుదల.
ముప్ఫై ఏళ్లుగా పరాయివాళ్ల యంత్రాలకు రాసిన మాట.
వాడకపోయినా రాయాల్సిందేనని
ఎంతమందితో పోట్లాడానో.

మళ్లీ లెక్క.
ఆరేళ్లకు నా దూరం పన్నెండు వేలు.
మొండివాటిలో నలభై ఎనిమిది వేల కిలోమీటర్లు
డబ్బు పెట్టి కొని, వెళ్లకుండా పారేస్తాను.
మెత్తనివి కూడా మిగిలే పోతాయి.
తక్కువ పడుతున్నది టైరు కాదు.

"మధ్యవి," అన్నాను.
వోచర్లు చూసే కన్ను కదా,
పక్కన అచ్చేసిన నాలుగంకెల తేదీలు చదివాను.
ఒకటి రెండేళ్ల పాతది.
"దానికి పదిహేను వందలు తగ్గిస్తా."
వద్దు. ఆ రెండేళ్లు గోడౌన్‌లో ఎవరు తిన్నారో వాళ్లే కట్టుకోనీ.
నయాజ్ నవ్వుకుంటూ కొత్తదానికి మేడెక్కాడు.

నలభై వేలు, ఆరేళ్లు.
ఏడాదికి ఆరు వేల ఆరు వందల చిల్లర.
టైర్లు కొన్నానో అప్పు చేశానో.
తీరాలంటే ఆదివారాలు చాలవు,
బుధవారం మధ్యాహ్నాలు కావాలి,
చింతామణి దాటాక పేరు లేని టీ బంకు కావాలి,
ఫోన్ నాలుగుసార్లు మోగి తనంతట తనే ఊరుకోవాలి.

కొత్త రబ్బరు మీద సన్నని నూగు,
పసిపిల్ల చెవి మీద ఉంటుందే, అలాంటిది.
"మొదటి రెండొందల కిలోమీటర్లు మెల్లగా పోండి!"
వెనకనుంచి కేకేశాడు మునిచౌడప్ప.
ఈయనకు ఈ ఊరు తెలియదా?
టౌన్ హాల్ సిగ్నల్ ఆరు వందల మీటర్లు,
నలభై నిమిషాలు.
పక్కన నీళ్ల ట్యాంకరు, దాని చక్రం నా చెవి దగ్గర.
పెన్ను తీసి బిల్లు వెనక రాశాను:
చెల్లు, సున్నా పాయింట్ ఆరు.